నలభై మూడు ఎర్ర దారాలు

మేడ మీద గది,
జూన్ 6.

అక్కా,

ముందు మిషను ఆపు. చేతిలో కత్తెర ఉంటే పక్కన పెట్టు. నాకు పేజీ ఇచ్చారు!

అంటే, ఇంకా ఇవ్వలేదు. ఇస్తామన్నారు. మధ్యలో చిన్న మెలిక ఉంది. మొదటి నుంచీ చెప్తాను, లేకపోతే "ఎప్పుడూ తోక పట్టుకుని మొదలెడతావే" అని తిడతావు.

మా వారపత్రికలో మాస్టారి డిటెక్టివ్ బొమ్మల కథ సంగతి నీకు తెలుసు కదా. ఏడేళ్ల కింద నేను చేరినప్పుడు ఆయన పెన్సిల్‌తో గీసేవారు, నేను దాని మీద సిరా దిద్దేదాన్ని. తర్వాత ఆయన తలకాయలు గీస్తే నేను ఒళ్లు గీశాను. రెండేళ్లుగా తలకాయలూ ఒళ్లూ అన్నీ నేనే, కింద సంతకం మాత్రం ఆయనది. ఇప్పుడు మాస్టారు ఇంక చాలన్నారు. ఏడాది చివర తనతో పాటు డిటెక్టివ్‌ని కూడా రిటైర్ చేయిస్తారట. ఆ పేజీ ఖాళీ అవుతుంది. ఎడిటర్ గారు నన్ను పిలిచి, "ఆరు వారాలకి సరిపడా ఆరు పేజీలు గీసి పట్రామ్మా. బాగుంటే ఆ చోటు నీదే. నీ పేరుతోనే" అన్నారు.

మెట్లు రెండేసి చొప్పున దిగాను. పది రోజుల్లో ఆరు పేజీలూ గీసి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ ఒక్కో పేజీ తిప్పి, కళ్లజోడు తీసి, "బాగుంది. కానీ ఇది మాస్టారి చెయ్యి. పేజీ నీకిస్తానన్నాను, ఆయనకి కాదు. నీ చెయ్యి ఏది?" అన్నారు.

"నా భుజానికే ఉందండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

సెప్టెంబరు ముప్పై దాకా గడువు. ఆలోపు నా సొంత చేత్తో గీసినవి ఇవ్వకపోతే ఆ చోటు గళ్ల నుడికట్టుకి పోతుంది. నేను మళ్లీ ఎవరో గీసిన పెన్సిల్ గీతల మీద సిరా దిద్దుకుంటూ ముసలిదాన్నయిపోతాను. అడ్డం, నిలువు గళ్ల చేతిలో ఓడిపోతే నేను తలెత్తుకు తిరగ్గలనా చెప్పు?

అప్పట్నుంచీ నా సొంత చెయ్యి కోసం వెతకని చోటు లేదు. ఎడం చేత్తో గీశాను. కళ్లు మూసుకుని గీశాను. బస్సులో నిలబడి గీస్తే పక్కనాయన చొక్కా మీద డిటెక్టివ్ మీసం పడింది. మూడు వారాల్లో పదకొండు మంది చిత్రకారులు నా చేతిలోకి వచ్చి కూర్చుని వెళ్లారు. నేను మాత్రం రాలేదు.

అందుకే ఈ ఉత్తరంతో పాటు కొత్తగా గీసిన ఆరు పేజీలూ పంపిస్తున్నాను. అమ్మమ్మకి ఇవ్వు. ముప్పై ఒక్క ఏళ్లు బట్టల మిల్లులో తానులు పరిచి తప్పులు పట్టిన మనిషి కదా. చిన్నప్పుడు నేను నీ లెక్కల పుస్తకం చూసి కాపీ కొడితే, ఒక్క అక్షరం ముక్క రాని మనిషి పట్టేసింది గుర్తుందా? "ఈ ఏడు అంకె దీనిది కాదు, పెద్దదానిది" అని! ఆ కన్నే నాకు ఇప్పుడు కావాలి. ఎక్కడెక్కడ గీత నాది కాదో చెప్పమను. మొహమాటపడొద్దని చెప్పు. ఆవిడకి అలా చెప్పక్కర్లేదనుకో.

నీ
పిచిక

*

కుట్టు షాపు,
జూన్ 21.

పిచికా,

నువ్వు ఆపమన్నావని మిషను ఆపాను. అప్పుడే ఒకావిడ వచ్చి "ఖాళీగానే ఉన్నారుగా" అని నాలుగు జాకెట్లు పడేసి వెళ్లింది. నీ పుణ్యమే.

నీ పేజీలు ఇవ్వగానే మన అమ్మమ్మ మనిషి మారిపోయింది. పెట్టె అడుగు నుంచి మిల్లు ఆప్రాన్ తీసి కట్టుకుంది. కిటికీ పక్కకి బల్ల జరిపించింది. మీ బావ టీ తెచ్చి దగ్గర పెడితే "డ్యూటీలో టీ ఏంటయ్యా" అని కసిరింది. పాపం ఆయన రెండు కప్పులూ తనే తాగి రాత్రి నిద్రపట్టక ఇబ్బంది పడ్డాడు.

మిల్లులో తప్పు కనిపిస్తే బట్ట కత్తిరించరట. నోటితో చెప్పరట కూడా. తప్పు ఉన్న చోట చిన్న ఎర్ర దారం గుచ్చి ముడేసి వదిలేస్తారట. తర్వాత బాగుచేసేవాళ్లు ఆ దారం చూసి తప్పు తామే కనిపెట్టుకోవాలి. "ఏం తప్పో చెప్తే వాడు అదొక్కటే చూస్తాడు. చెప్పకపోతే చుట్టూ చూస్తాడు" అంది. ఏ తప్పూ లేని తానుకి చివర నీలం దారం కడతారట. ముప్పై ఒక్క ఏళ్లలో ఆవిడ నీలం దారం కట్టింది నాలుగే నాలుగు తానులకి. నువ్వు ఆశలు పెట్టుకోకు.

కాబట్టి నీ పేజీలకి సూది గుచ్చింది. నేను అడ్డుపడ్డాను, నా మాట ఎవరు వింటారు? ఈ కాలం సూదుల బెజ్జాలు మరీ చిన్నవి చేస్తున్నారని గొణిగి, ముందుగానే నాచేత సూదులన్నిటికీ దారం ఎక్కించుకుంది. రెండు రోజులు కూర్చుంది. కాగితం ముక్కుకి ఆనించుకుని చూసింది. వేలితో తడిమింది. వాసన కూడా చూసింది. ఎడం చేత్తో ఆవిడ వేసే ముడి నీకు తెలుసుగా, మామూలు మనుషులకి ఊడి రాదు. మొత్తం నలభై మూడు. నేను లెక్కపెట్టాను.

నువ్వు ఏడవకు. ఏడిస్తే కాగితాల మీద పడకుండా ఏడు.

అక్క

*

మేడ మీద గది,
జూలై 9.

అక్కా,

ఏడిచాను. పక్కకి తిరిగే ఏడిచాను.

మొదట నాకు ఒళ్లు మండిపోయింది. నలభై మూడా! నా పేజీలకి మశూచి పోసినట్టుంది. ఈ ముసలావిడకి బొమ్మల గురించి ఏం తెలుసని పంపాను, నాకు బుద్ధి లేక, అనుకుని పేజీలు మంచం కిందకి తోసేశాను. మర్నాడు తీశాను. మొదటి దారం డిటెక్టివ్ మోచేతి దగ్గర ఉంది. ఈ మోచేతికేం రోగం అని భూతద్దం పెట్టి చూశాను. కోటు మడతలు మూడు, మధ్యది కొంచెం వంకర. అక్కా, అది మాస్టారి మడత! ఆయన ప్రతి మోచేతికీ అదే వేస్తారు. ఏడేళ్లు దిద్ది దిద్ది నా చెయ్యి దానంతట అదే వేసేసింది.

రెండో దారం వాన దగ్గర. ఆ వాన నేను అద్దెకి తెచ్చుకున్న పుస్తకంలోది. మూడోది దొంగ నవ్వు. అది మా వీధి చివర పోస్టర్లు గీసే ఆయనది, అచ్చం ఆయన దొంగలందరూ అలాగే పై పన్ను చూపిస్తారు. ఇక ఒక్కొక్కటీ చూస్తూ పోయాను. పొగ ఒకరిది, గుర్రం ఒకరిది, చంద్రుడు కూడా నావాడు కాదు. అమ్మమ్మ వీళ్లలో ఒక్కరి బొమ్మ కూడా చూసి ఉండదు. ఎలా పట్టిందే? నాకు భయం వేసింది నిజంగా.

నలభై మూడూ తీసేశాక నాకు మిగిలినవి ఒక జత బూట్లు, ఒక తలుపు గడియ. వాటితో ఆరు పేజీల కథ ఎలా నడుస్తుంది?

ఆఫీసులో ఎవరైనా అడిగితే "బ్రహ్మాండంగా వస్తోంది" అంటున్నాను. నీకు కాబట్టి చెప్తున్నాను, అక్కా, నాకు సొంత చెయ్యంటూ ఉందో లేదో అని అనుమానంగా ఉంది. కొంతమందికి గొంతు ఉండదు, పాట మాత్రం వస్తుంది. నేనూ ఆ బాపతేనేమో. ముప్పై రెండేళ్లొచ్చాయి. ఇప్పుడు ఆ సంగతి తెలిస్తే ఇంకేం పని నేర్చుకోను? నీ దగ్గర గుండీలు కుట్టే ఉద్యోగం ఖాళీ ఉంచు.

మళ్లీ గీశాను. ఈసారి చాలా జాగ్రత్తగా, ఎవరూ రాకుండా తలుపులన్నీ వేసుకుని గీశాను. పంపుతున్నాను. అమ్మమ్మకి నా దండాలు. ఆవిడ కన్నుకి వెయ్యి దండాలు.

పిచిక

*

కుట్టు షాపు,
ఆగస్టు 2.

పిచికా,

ఇరవై తొమ్మిది దారాలు. తగ్గాయి, సంతోషించు.

ఒక మాట. ప్రతి దారాన్నీ అంత మనసుకి తీసుకోకే. ఆవిడ పాత మిల్లు మనిషి. ఏదో అలవాటు కొద్దీ గుచ్చుతుంది. నీకు తోచింది నువ్వు గియ్యి.

ఇక్కడ సంగతులేం లేవు. మొన్న షాపులో కొలతలకి పెట్టుకున్న బొమ్మ ఉంది కదా, తల లేనిది, దాంతో అమ్మమ్మ పది నిమిషాలు మాట్లాడింది. "జాకెట్టు ఇంకా కాలేదమ్మా, రేపు రండి, మా పెద్దది మాట తప్పదు" అని ఎంతో మర్యాదగా. "ఎవరితో అమ్మమ్మా?" అన్నాను. "హాస్యానికన్నానే, నీకు హాస్యం కూడా తెలీదు" అని నా మీదే ఎగిరింది.

ఇంకేం రాయను. రాయకూడదు కూడా. జాకెట్లున్నాయి.

అక్క

*

మేడ మీద గది,
సెప్టెంబరు 2.

నా బంగారు అక్కా,

దొరికింది! దొరికింది, దొరికింది!

గుండీలు కుట్టే ఉద్యోగం వేరే ఎవరికైనా ఇచ్చుకో. ఎలా దొరికిందో విను.

ఇరవై తొమ్మిదింట్లో ఇరవై ఎనిమిది నాకు అర్థమయ్యాయి. ఎవరి గీత ఎవరిదో పట్టుకుని వాళ్లది వాళ్లకి అప్పజెప్పేశాను. ఒక్కటి మాత్రం కొరకరాని కొయ్య అయిపోయింది. నాలుగో పేజీ, మూడో గడి. మెట్ల మీద డిటెక్టివ్ నిలబడి ఉంటాడు. దారం ఆయన మీద లేదు. మెట్ల మీద లేదు. కింద మూల ఉత్త తెల్ల కాగితం మీద ఉంది. అక్కడ ఏమీ లేదు! ఏమీ లేనిచోట ఏం తప్పు పట్టింది ఈవిడ?

మూడు రోజులు అదే ధ్యాస. పళ్లు తోముకుంటూ అదే, బస్సులో అదే. ఆఖరికి నాకు ఇలా అనిపించింది: అక్కడ ఏదో ఉండాలి, లేదు, అదే తప్పు. సరే, ఏముండాలి? మాస్టారైతే ఇటుకలు వేస్తారు. ఆ అద్దె పుస్తకంలో బొమ్మలాయన పిల్లిని వేస్తాడు. నేను? అప్పుడే స్టవ్ మీద పాలు పొంగాయి. ఒక చేత్తో గిన్నె దించుతూ, విసుగొచ్చి, రెండో చేతిలో ఉన్న కుంచెతోనే ఆ మూల మా మెట్ల కింద కుక్కని గీసి పారేశాను. పెన్సిల్ లేదు, కొలత లేదు. ఆరేడు గీతలు. మా కుక్కకి ఒక చెవి నిలబడుతుంది, ఒకటి పడిపోతుంది. రోజూ నేను దిగేటప్పుడు ఒక కన్ను తెరిచి, "నువ్వా" అన్నట్టు చూసి, మళ్లీ మూసేస్తుంది. అదే గీశాను. బాగా గీయాలని కూడా అనుకోలేదు, ఖాళీ పూడితే చాలనుకున్నాను.

ఎడిటర్ గారికి చూపించాను. ఆవిడ గబగబా తిప్పుకుంటూ పోయి నాలుగో పేజీ దగ్గర ఆగారు. ముందుకి వంగారు. నవ్వారు! ఏడేళ్లలో నేను ఆవిడ పళ్లు చూడ్డం అదే మొదటిసారి.

"ఇది ఎవరిది?"

"మా మెట్ల కింద కుక్కండీ."

"కుక్క సంగతి కాదమ్మా. ఈ గీత ఎవరిది?"

పదకొండు మందినీ మనసులో వరసగా నిలబెట్టి చూశాను. ఎవరూ చెయ్యెత్తలేదు. "నాదేనండీ" అన్నాను.

"అయితే మిగతా అంతా దీనితోనే గీసుకురా. నెలాఖరు గుర్తుందిగా?" అన్నారు.

ఇంటికొచ్చి ఆ కుక్క పక్కన డిటెక్టివ్‌ని నిలబెట్టి చూశాను. పాపం, అద్దె కోటు వేసుకుని పెళ్లికొచ్చినవాడిలా ఉన్నాడు. పంపించేశాను. ఆయన బదులు ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో సూది, ఎర్ర దారం ఉండ. కుక్కని వెంటేసుకుని వీధిలో పడి, లోకంలో తప్పు కనిపించిన చోటల్లా దారం గుచ్చుకుంటూ పోతుంది. ఆలస్యంగా వచ్చిన బస్సుకి ఒకటి, గుమాస్తా కుర్చీకి ఒకటి, కురవకుండా పోయిన మబ్బుకి ఒకటి. ఆవిడెవరో నీకు చెప్పక్కర్లేదు. రెండు పేజీలు అయ్యాయి. నాలుగున్నాయి. చెయ్యి భుజం దగ్గర్నుంచి పరిగెడుతోందక్కా, ఆపితే ఆగట్లేదు.

అమ్మమ్మని ఒక్క మాట అడిగి రాయి. అక్కడ కుక్క ఉండాలని ఆవిడకి ఎలా తెలిసింది?

నీ
పిచిక

తా.క. బొమ్మతో మాట్లాడిందా! చదివి పడీ పడీ నవ్వాను. దాన్ని కూడా కథలో పెట్టేస్తాను.

*

కుట్టు షాపు,
సెప్టెంబరు 8.

పిచికా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. సంతోషం పట్టలేక మీ బావని లేపి చదివి వినిపించాను. ఆ తర్వాత కూర్చుని ఏడిచాను. ఎందుకో చెప్తే నువ్వు నన్ను తిడతావు. తిట్టు.

అమ్మమ్మకి కళ్లు కనపడట్లేదే.

రెండు కళ్లకీ శుక్లాలు. వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి అలికిడి తెలుస్తుంది, అంతే. ఏడాది పైనే అయినట్టుంది. ఇల్లంతా అలవాటు కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. ఆ కొలతల బొమ్మ రోజు నాకు తెలిసింది. నిలదీస్తే తప్పు ముందు బల్బు మీద పెట్టింది, తర్వాత సూదుల మీద పెట్టింది, చివరికి ఒప్పుకుంది. "పిచికకి చెప్పావో, నీ ఇంట్లో మంచినీళ్లు ముట్టను" అని నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెడుతున్నాను.

నీ పేజీల మీద ఆవిడకి ఒక్క గీత కూడా కనపడలేదు. మొదటి నలభై మూడూ అంతే, తర్వాత ఇరవై తొమ్మిదీ అంతే. చేతికి తగిలిన చోట గుచ్చింది. ఆ తెల్ల కాగితం మీద దారం ఉందే, అప్పుడు పేజీ అంచు ఎక్కడుందో తడుముకుంటోంది, నేను పక్కనే ఉన్నాను. అక్కడ కుక్క ఉండాలని ఆవిడకి తెలీదు. అక్కడ కాగితం ఉందని కూడా సరిగ్గా తెలీదు.

ఎందుకిలా చేశావని అడిగాను. మిల్లులో కళ్లు మందగించినవాళ్లని ఆ పూటే ఇంటికి పంపేసేవారట. పక్క బల్ల మీద ఆవిడ స్నేహితురాలు అలాగే పోయిందట, ఆప్రాన్ విప్పి మడతపెట్టి, ఎవరి మొహం చూడకుండా. "పిచిక ఇన్నేళ్లకి నన్ను పని అడిగిందే. చూపు లేదని ఎలా చెప్పను?" అంది.

ఇది నీకు రాస్తే నీ చెయ్యి మళ్లీ ఆగిపోతుందేమోనని నాకు భయం. గడువు దాటాక రాద్దామనుకున్నాను. కానీ డాక్టరమ్మ ఇంక ఆలస్యం చేస్తే కష్టమంటోంది. చిన్న ఆపరేషనే, పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ఈవిడ ససేమిరా అంటోంది. నా మాట, మీ బావ మాట గాలికి పోతున్నాయి. నువ్వు చెప్తే వింటుంది. ఆవిడకే రాయి. నేను చదివి వినిపిస్తాను.

నన్ను క్షమించు. నీ పేజీ పాడు చేసుకోకు.

అక్క

*

మేడ మీద గది,
సెప్టెంబరు 14.

అమ్మమ్మా,

అక్క చదువుతోంది కదా? కొంచెం గట్టిగా చదవవే అక్కా. మధ్యలో ఏదీ మింగకు.

అమ్మమ్మా, నాకంతా తెలిసిపోయింది. అక్కని ఏమీ అనకు, మంచినీళ్లు తాగు. నువ్వు చేసింది మహా మోసం. చూపు లేకుండా డెబ్భై రెండు తప్పులు పట్టావు. నీలాంటి గడుసుదాన్ని నేను ఎక్కడా చూడలేదు.

నిజం చెప్పొద్దూ, రెండు రోజులు కుంచె ముట్టలేదు. గుడ్డి దారాల్ని నమ్ముకుని నేను దొరకబుచ్చుకున్న చెయ్యి కూడా ఉత్తదేనేమోనని భయపడ్డాను. మూడో రోజు పొద్దున పాత పేజీలు తీసి, నీ దారాలు లేనిచోట చూశాను. అక్కడా మాస్టారే. అక్కడా ఆ పోస్టర్లాయనే. నువ్వు ఎక్కడ గుచ్చినా నాకు తప్పు దొరికేదే, అమ్మమ్మా, అంతా తప్పే కాబట్టి! నాకు కావలసింది ఎవరైనా "ఇక్కడ చూడు" అనడం. నువ్వు అన్నావు. చూసింది నేను. ఏ గీత ఎవరిదో నాకు ముందే తెలుసు, తెలీనట్టు ఉండిపోయాను అంతే. నువ్వు కళ్లు కనపడుతున్నట్టు నటించావు, నేను కనపడనట్టు నటించాను. మనవరాలిననిపించుకున్నాను.

కాబట్టి కుక్క నాదే. దాన్ని నువ్వు ఇచ్చావని అనుకుంటున్నావేమో, అదేం లేదు. నువ్వు ఖాళీ చోటు చూపించావు. అందుకు చాలా సంతోషం.

ఇప్పుడు డ్యూటీ సంగతి. నాలుగు పేజీలు అయ్యాయి, ఇంకా రెండున్నాయి. అన్నీ ఒప్పుకుంటే డిసెంబరులో అచ్చవుతాయి. ఆ కథలో సూదీ దారం పట్టుకుని తిరిగే ముసలావిడ ఒకతి ఉంది. ఊళ్లో ఎంతోమంది ఆవిడని చూస్తారు. ఎవరిని చూసి గీశానో ఆ మనిషికి మాత్రం కనపడదంటే నాకు బాగుండదు. అమ్మమ్మా, నువ్వు నా బొమ్మ ఒక్కటి కూడా ఏడాదిగా చూడలేదని తెలిసిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించట్లేదు. మొదటిసారి నా చేత్తో నేను గీసింది నువ్వు చూడాలి. చూసి తిట్టాలి.

నీ డెబ్భై రెండు దారాలూ విప్పి ఒక సీసాలో పెట్టాను. చెల్లవు అవి. కళ్లు బాగు చేయించుకుని కొత్తగా గుచ్చు. ఈసారి ఒక్కటైనా సరే, చూసి గుచ్చు. మిల్లు నుంచి నిన్నెవరూ పంపట్లేదు. నేనే పిలుస్తున్నాను, పనిలోకి రా.

నీ
పిచిక

*

(కార్డు)

ఆఫీసు మెట్ల మీద నుంచి,
అక్టోబరు 1.

అక్కా, ఒప్పుకున్నారు! నిన్న సాయంత్రం ఇచ్చాను, ఇవాళ పొద్దున పిలిచారు. పేజీ నాది. కింద సంతకం నాది. నుడికట్టుని వెనక్కి పంపించారు. మాస్టారు కూడా చూశారు. "ఈ కుక్కని నేను గీయలేనమ్మా" అన్నారు. ఇంతకంటే ఇక్కడ రాయడానికి చోటు లేదు. అమ్మమ్మ ఏమంది? పి.

*

కుట్టు షాపు,
డిసెంబరు 12.

పిచికా,

మధ్యలో రెండు కార్డులు తప్ప వివరంగా రాయలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నీ ఉత్తరం వినిపించిన మర్నాడు పొద్దున్నే ఆవిడ తలదువ్వుకుని, ఆప్రాన్ మడతపెట్టి చేతిలో పట్టుకుని, "పద, డ్యూటీకి పిలిచారు" అంది. అలా ఒక కన్ను అయింది, నెల ఆగి రెండోది. ఆవిడ ధైర్యంగానే ఉంది. మీ బావే ఆస్పత్రి బెంచీ మీద వణికిపోయి నర్సు చేత మంచినీళ్లు తాగించుకున్నాడు.

కట్టు విప్పి డాక్టరమ్మ "ఏం కనిపిస్తోందమ్మా?" అని అడిగింది. ఈవిడ ఓ నిమిషం తేరిపారా చూసి, "నీ కోటుకి రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టారు" అంది. డాక్టరమ్మ నవ్వాపుకోలేక ఇంకో గదిలోకి వెళ్లింది.

ఇంటికొచ్చాక మా పని అయిపోయింది. గోడలకి సున్నం ఎప్పుడు మాసిందంటుంది. మీ బావ అంత నెరిసిపోయాడేంటంటుంది. ఈ ఏడాదంతా నేను కుట్టినవి ఇంట్లో ఉన్నంతవరకూ బయటికి తీయించి పరిచింది, నా అంచుల నిండా ఎర్ర దారాలే. కొలతల బొమ్మ ఎదుట నిలబడి "నువ్వా" అని ఒక్క మాటంది. అద్దంలో తన మొహం చూసుకుని మాత్రం చాలాసేపు నిలబడింది. "ఇన్ని గీతలు ఎవరు గీశారే?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే తనే "ఎవరైతేనేం, కాపీ మాత్రం కాదు" అని దువ్వెన అందుకుంది.

నిన్న నీ పత్రిక వచ్చింది. బల్ల కిటికీ పక్కకి జరిపించింది. ఆప్రాన్ కట్టింది. ఈసారి సూదికి దారం తనే ఎక్కించుకుంది, ఒక్కసారికే. నన్ను బయట కూర్చోబెట్టి తలుపేసింది. గంట పైన అయింది. లోపల్నుంచి ఒకసారి నవ్వు వినిపించింది. తలుపు తీసేసరికి కళ్లు తుడుచుకుంటోంది. "మందు వేసుకున్నాను" అంది. మందు సీసా నా దగ్గరుంది.

ఆ పేజీ కత్తిరించి దీనితో పెట్టాను. ఒక్కటే దారం. ఏంటో నన్నడక్కు, నేను ఎంత చూసినా నాకు దొరకలేదు. అడిగితే "ఏం తప్పో చెప్పకూడదు" అంది.

అక్క

*

మేడ మీద గది,
డిసెంబరు 20.

అక్కా,

దొరికింది. మూడు గంటలు పట్టింది.

దారం ముసలావిడ చేతి దగ్గర ఉంది, బస్సుకి సూది గుచ్చుతున్న గడిలో. ముందు వేళ్లు చూశాను, అయిదూ ఉన్నాయి. సూది చూశాను. మణికట్టు చూశాను. ఆ గీత నాదే, దానిమీద నాకు అనుమానం లేదు. ఇంక తోచక, లేచి నిలబడి, ఆవిడ నిలబడ్డట్టే నిలబడి, సూది పట్టుకున్నట్టు చెయ్యి చాపాను. కుడి చెయ్యి.

కుడి చెయ్యి, అక్కా! అమ్మమ్మది ఎడం చెయ్యి కదే! ఆ ఎడం చేతి ముళ్లు డెబ్భై రెండు నా గోళ్లు విరిగేలా విప్పాను. అయినా ఆరు పేజీలూ ఆవిడ చేత కుడిచేత్తో సూది పట్టించాను. ఎందుకో తెలుసా? మాస్టారి బొమ్మల్లో అందరూ కుడిచేతివాళ్లే. తుపాకీ, గొడుగు, టీ కప్పు, ఏదైనా కుడి చేతిలోనే. గీతలన్నిట్లోంచీ ఆయన్ని పంపించానని మురిసిపోయాను, ఈ ఒక్క మూల నక్కి కూర్చున్నారు. ఎడిటర్ గారు చూడలేదు. మాస్టారే చూడలేదు. నేను చూడలేదు.

నలభై మూడు దారాలకి ఏడిచాను. ఈ ఒక్కదానికి ఇంకా ఎక్కువ ఏడిచాను, నవ్వుతూ ఏడిచాను. గది చుట్టూ గెంతులేస్తే కింద వాళ్లు కర్రతో పైకప్పు కొట్టారు. అక్కా, ఇది తడుముకుని గుచ్చింది కాదు. అమ్మమ్మ నా బొమ్మ చూసింది. ఆవిడకి కనిపిస్తోంది.

వచ్చే వారం నుంచి ముసలావిడ ఎడం చేత్తో గుచ్చుతుంది. పాఠకులు అడిగితే, మొదటి వారాల్లో చేతికి దెబ్బ తగిలిందని కుక్క చేత చెప్పిస్తాను.

ఈ దారం విప్పలేదు. పేజీతో సహా బల్ల ఎదురుగా గోడకి పెట్టుకున్నాను. అమ్మమ్మకి చెప్పు, ప్రతి వారం పత్రిక పంపిస్తాను, ప్రతి వారం సూది పట్టుకుని కూర్చోవాలి. సెలవులేం ఉండవు. నీలం దారం మాత్రం ఆవిడ దగ్గరే ఉంచుకోమను. ఇంకో ముప్పై ఒక్క ఏళ్లు ఆగమన్నా ఆగుతాను. నాకేం తొందర లేదు.

నీ
పిచిక